బాబాయి తీసిన రీళ్లకు ఏ మెషిన్ కొనాలి?

ప్రశ్న: మాది తెనాలి. హైస్కూల్లో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా బాబాయి డాక్టరు, 1969లో అమెరికా వెళ్లారు. రెండు మూడేళ్లకోసారి వచ్చినప్పుడల్లా చేతిలో పట్టే చిన్న కెమెరాతో ఇంట్లో పెళ్లిళ్లు, పండగలు, పొలం పనులు సినిమాలా తీసేవారు. అమెరికాలో కడిగించి, మళ్లీ వచ్చేటప్పుడు ఆ రీళ్లు తెచ్చి మాకిచ్చేవారు. చూసుకోవడానికి ఒక ప్రొజెక్టరు కూడా తెచ్చిపెట్టారు. ఈమధ్య ఇల్లు రిపేరు చేయిస్తుంటే అటక మీద ట్రంకు పెట్టెలో అవన్నీ బయటపడ్డాయి. చిన్న రీళ్లు 24, పెద్దవి 3. ఒకటి రెండు డబ్బాలు తెరిస్తే పుల్లటి వాసన వస్తోంది. హ్యూస్టన్‌లో ఉన్న మా అబ్బాయి "ఇంట్లోనే డిజిటల్ చేసుకునే మెషిన్ కొని సంక్రాంతికి తెస్తాను, ఏది కావాలో కనుక్కో అమ్మా" అంటున్నాడు. ఇక్కడ పెళ్లి వీడియోలు తీసే షాపతనేమో మా ప్రొజెక్టరుతోనే గోడ మీద బొమ్మ వేసి తీసిస్తానంటున్నాడు. నాన్నగారు లేరు. మా అమ్మకు 86. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టీచరుగారూ, మెషిన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ప్రొజెక్టరును మాత్రం ప్లగ్గులో పెట్టకండి. అమెరికాలో కొన్నది కాబట్టి అది 110 వోల్టులది అయ్యుండే అవకాశమే ఎక్కువ. అప్పట్లో దానితోపాటు ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె కూడా ఉండే ఉంటుంది, ఇప్పుడది ఎక్కడుందో ఎవరికి గుర్తు? మన 230లో నేరుగా పెడితే బల్బు టప్పుమంటుంది. పోనీ ట్రాన్స్‌ఫార్మర్ దొరికినా పెట్టొద్దనే అంటాను. ఎందుకో నా అనుభవం చెబుతాను.

చాలా ఏళ్ల కిందట మా మేనమామ పెళ్లి రీలు దొరికితే, తెలిసినవాళ్ల దగ్గర ప్రొజెక్టరు అరువు తెచ్చాను. ముందు గదిలో లైటు ఆర్పి, తెల్ల దుప్పటి కట్టి, చుట్టాలందరినీ కూర్చోబెట్టి ఆన్ చేశాను. ఓ నిమిషం బాగానే నడిచింది. తలంబ్రాల దగ్గర ఫిల్మ్ ఎక్కడో బిగుసుకుంది. దుప్పటి మీద మా అత్తయ్య ముఖం కదలకుండా నిలిచిపోయింది. ఆమె చెంప మీద గోధుమరంగు మచ్చ ఒకటి పుట్టి, నూనెలో అప్పడం పొంగినట్టు పొంగి, ముఖమంతా కమ్మేసింది. నేను స్విచ్ దాకా పరిగెత్తేలోపు అయిపోయింది. దాని తర్వాత చూస్తే పది పన్నెండు అడుగుల మేర అంచు చిల్లులు చిరిగి ఉన్నాయి. తప్పు ప్రొజెక్టరుది కాదు, ఆత్రం నాది. ఏళ్లతరబడి చుట్టి ఉన్న ఫిల్మ్ కొంత కుంచించుకుపోతుంది. ప్రొజెక్టరు లోపలి పళ్లకు ఆ సంగతి తెలియదు కదా, అవి తమ లెక్క ప్రకారమే లాగుతాయి.

కాబట్టి షాపతని ప్రతిపాదన కొట్టేయండి. రీలుకు వచ్చే ప్రమాదం ఒకటైతే, బొమ్మ కూడా బాగా రాదు. సూపర్ ఎయిట్ అనే ఎనిమిది మిల్లీమీటర్ల ఇంటి సినిమా ఫిల్మ్ సెకనుకు 18 బొమ్మల చొప్పున నడుస్తుంది. ప్రొజెక్టరులో వెలుగుకు అడ్డుపడుతూ తిరిగే రెక్క ఒక్కో బొమ్మను మూడుసార్లు మిణుకుమనిపిస్తుంది, అంటే సెకనుకు 54 మిణుకులు. కెమెరా సెకనుకు 25 సార్లో 30 సార్లో తీస్తుంది. ఈ రెంటికీ తాళం కుదరక వీడియో అంతా దీపం రెపరెపలాడినట్టు ఉంటుంది. పూర్వం తెలిసిన టెక్నీషియన్లు ప్రొజెక్టరు వేగాన్ని సరిగ్గా 16.67కు తగ్గించి, మూడింతలు 50 అయ్యేలా చూసి, సెకనుకు 25 బొమ్మల మన టీవీ లెక్కతో కలిపేవారు. ఇప్పుడు ఆ ఓపిక ఉన్నవాళ్లు ఏరీ?

ఇక మెషిన్. రీళ్ల సంగతి తెలియకుండా మెషిన్ ఎంచడమంటే కాలి కొలత తెలియకుండా చెప్పులు తెప్పించుకోవడమే. పగటిపూట కిటికీ దగ్గర, ఫ్యాను ఆపేసి, చేతులు కడిగి బాగా తుడుచుకుని కూర్చోండి. ఒక్కో రీలు చివర రెండు మూడడుగులు మాత్రం విప్పి, అంచులతో పట్టుకుని వెలుగుకు అడ్డం పెట్టండి.

మొదట చిల్లులు చూడండి. చిల్లు చిన్నదిగా, బొమ్మకు సరిగ్గా నడుమ పక్కన ఉంటే అది సూపర్ ఎయిట్. చిల్లు పెద్దదిగా, రెండు బొమ్మల మధ్య గీత దగ్గర ఉంటే 1932లో కోడాక్ మొదలుపెట్టిన పాత ఎనిమిది మిల్లీమీటర్ల రకం. రీలు నడుమ చిల్లు కూడా ఒక గుర్తే: పెన్సిలు మాత్రమే పట్టేది పాతది, చిటికెన వేలి కొస దూరేది సూపర్ ఎయిట్. కానీ రీళ్లు మార్చి చుట్టి ఉండొచ్చు, నమ్మకమైన సాక్ష్యం ఫిల్మ్ మీద చిల్లే. సూపర్ ఎయిట్ 1965లో వచ్చింది. అదే ఏడు అమెరికా వలస చట్టం మారి మన డాక్టర్లకు దారి తెరుచుకుంది. నాకు తెలిసిన గుంటూరు, కృష్ణా జిల్లాల ఇళ్లలో ఇలాంటి రీళ్లు ఎక్కడ బయటపడ్డా, దాని వెనక ఓ అమెరికా బాబాయో మేనమామో ఉంటాడు. మీవి చాలావరకు సూపర్ ఎయిటే అయ్యుంటాయి. అయితే ఆయన మొదట్లో సెకండ్‌హ్యాండ్ కెమెరా వాడి ఉంటే తొలి రీళ్లు పాత రకం కావచ్చు. ఇళ్లలో వాడే మెషిన్లు రెంటినీ తీసుకుంటాయి, కాకపోతే ఏ రీలు ఏదో మనమే మీట నొక్కి చెప్పాలి.

తర్వాత వాసన. పుల్లటి వాసనంటే ఫిల్మ్‌కు ఆధారంగా ఉన్న అసిటేట్ పొర విరిగిపోతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతోందన్నమాట. పచ్చళ్లలో పోసే వెనిగర్‌లో ఉండేదీ అదే. ఒకసారి మొదలైతే ఆగదు, ఆ ఆమ్లమే దాన్ని ఇంకా తొందరపెడుతుంది. డాబా కింద అటక వేడి, మన కోస్తా ఉక్క తోడైతే చెప్పనే అక్కర్లేదు. ఆ ఆవిరి పక్క రీళ్లకు కూడా మంచిది కాదు. కాబట్టి వాసన వచ్చే రీళ్లను ఈరోజే విడదీసి, గాలి ఆడే అట్టపెట్టెలో వేరే గదిలో పెట్టండి. బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బా వద్దు, కలరా ఉండలు అసలే వద్దు. భయపడి పారేయకండి కూడా. చుట్ట సాఫీగా విప్పుకుంటుంటే ఇంకా టైముంది, కానీ ముందు డిజిటల్ చేయాల్సినవి ఇవే. చెక్కలా బిరుసెక్కి, గవ్వలా వంకర తిరిగితే ఇంటి మెషిన్‌లో పెట్టకండి. అవి ల్యాబుకే వెళ్లాలి. తెల్లటి బూజు కనిపిస్తే తడి గుడ్డ, స్పిరిట్ లాంటి ప్రయోగాలు చేయకండి. నూలుపోగులు రాలని మెత్తటి పొడి గుడ్డను మడిచి, దాని మధ్యనుంచి ఫిల్మ్‌ను నెమ్మదిగా పోనిస్తే చాలు.

మూడోది అందరూ మర్చిపోయేది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. చిల్లులు లేని వైపు అంచున, పొడుగునా, తుప్పు రంగులో సన్నటి పట్టీ ఉందేమో చూడండి. టేపు రికార్డరు టేపు రంగులో ఉంటుంది. ఉందంటే అది శబ్దం పట్టే ఫిల్మ్. కోడాక్ 1973లో తెచ్చింది. ఇంటి మెషిన్లు బొమ్మనే తీస్తాయి, ఆ పట్టీని ముట్టుకోనైనా ముట్టుకోవు. మెషిన్ కొన్న చాలామంది రీళ్లన్నీ మూకీగా తీసుకుని, "అప్పటి కెమెరాలకు మాట రాదు కదా" అనుకుని సరిపెట్టుకుంటారు. పట్టీ ఉన్న రీళ్లను విడిగా రాసిపెట్టుకోండి.

ట్రంకులో ఎక్కడైనా కడిగించని నల్ల ప్లాస్టిక్ కార్ట్రిడ్జి, అంటే కెమెరాలో పెట్టే ఫిల్మ్ డబ్బా, కనిపిస్తే విప్పకండి. కోడాక్ వాళ్ల రంగుల ఫిల్మ్ కోడాక్రోమ్ అయితే రంగుల్లో కడిగే ప్రక్రియ ప్రపంచంలోనే లేకుండా పోయింది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఆఖరి ల్యాబు 2010 చివరతో ఆపేసింది. నలుపు తెలుపులో తీసిచ్చేవాళ్లు మాత్రం కొందరున్నారు. కడిగిన కోడాక్రోమ్ విషయంలో మీరు అదృష్టవంతులు: చీకట్లో పడి ఉంటే ఆ రంగులు అంత తొందరగా వెలిసిపోవు. అమ్మ పట్టుచీర ఆకుపచ్చ, మామిడాకుల తోరణం ఆకుపచ్చ వేరువేరుగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఇప్పుడు లెక్క వేద్దాం. మూడంగుళాల చిన్న రీలు 50 అడుగులు. మీ పెద్దవి అయిదంగుళాలవైతే ఒక్కోటి 200 అడుగులు. అన్నీ నిండుగా ఉంటే మొత్తం 1,800 అడుగులు. సూపర్ ఎయిట్‌లో అడుగుకు 72 బొమ్మలు, అంటే 1,29,600 బొమ్మలు. చూడటానికి సరిగ్గా రెండు గంటలు. ఇంటి మెషిన్ సెకనుకు సుమారు రెండు బొమ్మలు తీస్తుంది కాబట్టి తీయడానికి 18 గంటలు. రోజుకు రెండున్నర గంటల చొప్పున ఓ వారం పని. చేయలేనంతేమీ కాదు.

అబ్బాయి చెప్పే మెషిన్లు వుల్వరీన్, కోడాక్ రీల్స్ లాంటి పేర్లతో అమెరికాలో కొన్ని వందల డాలర్లకు దొరికే చిన్న పెట్టెలు. పేర్లు వేరైనా లోపలి పనితనం దాదాపు ఒక్కటే. కోడాక్ పేరు చూసి మురిసిపోనక్కర్లేదు, ఆ పేరు లైసెన్సు మీద తీసుకున్నది. పని తీరు ఇది: ఒక చిన్న కొక్కెం చిల్లు పట్టుకుని ఫిల్మ్‌ను ఒక బొమ్మ కిందికి లాగుతుంది, ఆగుతుంది, వెనకనుంచి ఎల్‌ఈడీ వెలుగుతుంది, సెన్సర్ ఫొటో తీస్తుంది. మళ్లీ లాగుతుంది. టిక్కు టిక్కుమని కుట్టుమిషన్ నెమ్మదిగా తిప్పినట్టు ఉంటుంది. వేడి పుట్టించే బల్బు లేదు కాబట్టి మా అత్తయ్యకు పట్టిన గతి పట్టదు. ఆ ఫొటోలన్నిటినీ కూర్చి ఎస్‌డీ కార్డులో ఎంపీ4 వీడియోగా పెడుతుంది.

దీని లోపాలు కూడా తెలుసుకునే కొనండి. వీడియోను బాగా కుదించి దాస్తుంది, దాంతో సన్నటి వివరాలు చెరిగిపోయి అక్కడక్కడా గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. వెలుగు తనంతట తానే సర్దుకుంటుంది. అది మన ఇళ్ల సినిమాలకు పెద్ద చిక్కు. ఎండలో కళ్లం, తెల్ల పంచెలు, పక్కనే చీకటి పందిరి ఒకే బొమ్మలో ఉంటే పంచెలన్నీ సున్నం కొట్టినట్టు అయిపోతాయి. షార్ప్‌నెస్ అనే సెట్టింగు ఎక్కువలో ఉంటే తక్కువకు పెట్టమనండి, లేకపోతే ముఖాల మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. ఇంకోటి: ఈ పెట్టెలు సాధారణంగా వీడియోను సెకనుకు 20 బొమ్మల చొప్పున తయారుచేస్తాయి. సూపర్ ఎయిట్ అసలు వేగం 18, పాత రకానిది 16. అందుకే మనుషులు కాస్త హడావిడిగా నడుస్తున్నట్టు ఉంటారు. ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైనా వేగాన్ని 90 శాతానికి, పాత రకానికి 80 శాతానికి తగ్గిస్తే మళ్లీ మామూలు నడకకు వస్తారు. ఈ ఒక్క పనీ మర్చిపోవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. మీ నాన్నగారి నడక మీకు గుర్తుండే ఉంటుంది, అది తప్పుగా కనిపిస్తే బాధేస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి పెద్దగా లేవు. సినిమా ఫిల్మ్‌ది కావాలి. "ఫిల్మ్ స్కానర్, 22 మెగాపిక్సెల్" అంటూ సగం ధరకే కనిపించేవి ఫొటో నెగటివ్‌లకు, స్లైడ్‌లకు, వాటిలో మీ రీలు పట్టనే పట్టదు. బొమ్మ స్పష్టతలో 1080 రకం తీసుకోండి, పాత 720 వద్దు. మీ పెద్ద రీళ్లు ఎన్ని అంగుళాలో స్కేలుతో కొలిచి అబ్బాయికి చెప్పండి. కొన్ని మోడళ్లు అయిదంగుళాల దగ్గరే ఆగిపోతాయి, కొన్ని తొమ్మిది దాకా పడతాయి. అడాప్టరు మీద 100–240 అని ఉందో లేదో చూసుకోమనండి. 4కే మోజు అక్కర్లేదు. సూపర్ ఎయిట్ బొమ్మ 5.8 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల ఎత్తు. కందిగింజంత. అందులో ఉన్నదే వస్తుంది కానీ లేనిది ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇంకో ముచ్చట. మీ అబ్బాయి సాఫ్ట్‌వేర్ మనిషైతే, పాత ప్రొజెక్టరుకు కెమెరా, చిన్న కంప్యూటరు తగిలించి సొంతంగా మెషిన్ తయారుచేసే వీడియోలు ఇప్పటికే చూసి ఉంటాడు. నిజంగానే బాగా పనిచేసేవి ఉన్నాయి. కానీ అలా మొదలుపెట్టిన ఇద్దరు నాకు తెలుసు. రెండేళ్లు గడిచినా రీళ్లు ట్రంకులోనే ఉన్నాయి, మెషిన్ మాత్రం రోజురోజుకూ మెరుగవుతోంది. 86 ఏళ్ల అమ్మగారు ఎదురుచూస్తున్నప్పుడు ఆ సరదా వద్దు.

మరి చిన్న పెట్టెకు ఇన్ని లోపాలుంటే అన్నీ ల్యాబుకే ఇచ్చేయొచ్చు కదా అంటారేమో. ల్యాబుల్లో లేజర్‌గ్రాఫిక్స్ స్కాన్‌స్టేషన్ లాంటి యంత్రాలు ఉంటాయి. అవి చిల్లుల్లో పళ్లు దూర్చి లాగవు, రోలర్ల మీద మెత్తగా నడిపిస్తాయి, కుంచించుకున్న ఫిల్మ్‌ను కూడా పట్టుకుంటాయి, శబ్దం పట్టీని కూడా చదవగలవు. ధర లక్షల్లో కాబట్టి మనం కొనేవి కావు, పని చేయించుకునేవి. అడుగుకు ఇంత అని తీసుకుంటారు. 27 రీళ్లకూ చేయిస్తే బిల్లు మెషిన్ ధరను దాటిపోవచ్చు. అందులో అయిదారు రీళ్లు విమానం కిటికీలోంచి తీసిన మబ్బులు, నయాగరా జలపాతం అయ్యుంటాయి. నవ్వకండి, ప్రతి అమెరికా బాబాయి పెట్టెలోనూ అవి ఉంటాయి. ఏ రీల్లో ఏముందో తెలియకుండా అన్నిటికీ డబ్బు పోయడం నాకు నచ్చదు.

అందుకని నా సలహా: అబ్బాయిని ఆ చిన్న పెట్టె తెమ్మనండి. దాన్ని అసలు ప్రతి తయారుచేసే మెషిన్‌గా కాదు, ఏ రీల్లో ఎవరున్నారో అమ్మతో కలిసి చూసుకునే సాధనంగా వాడండి. బిరుసెక్కినవీ శబ్దం పట్టీ ఉన్నవీ పక్కన పెట్టి, మిగతావి ఈ సంక్రాంతికే తీసేయండి. అందులోంచి మూడో నాలుగో ప్రాణమైన రీళ్లు ఏరి, పట్టీ ఉన్నవాటినీ బిరుసైనవాటినీ కలిపి అబ్బాయి చేతికివ్వండి. తిరిగి వెళ్లాక అక్కడి మంచి ల్యాబులో చేయిస్తాడు. చేతి సంచిలో పెట్టుకుని వెళ్లమనండి, సామాన్ల పెట్టెలో వద్దు. కడిగిన ఫిల్మ్‌కు ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేతో ఏమీ కాదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి. ల్యాబును అడగాల్సినవి: చిల్లులు పట్టకుండా నడిపే స్కానరేనా, శబ్దం తీస్తారా, పని అక్కడే చేస్తారా లేక ఇంకెక్కడికైనా పంపుతారా, ఎక్కువ కుదించని పెద్ద ఫైలు ఇస్తారా, రీళ్లు నంబరు ప్రకారం తిరిగిస్తారా. ఆఖరిది చిన్న విషయంలా ఉంటుంది. మా రీళ్లు ఒకచోట ఇస్తే అన్నీ కలిపి ఒకే పెద్ద చుట్టగా అతికించి, డబ్బాల మీద మా నాన్న రాసుకున్న తేదీలన్నీ పారేసి ఇచ్చారు. మీ డబ్బాల మీద బాబాయి చేతిరాత ఏదైనా ఉంటే ముందే ఫోన్లో ఫొటో తీసి, ప్రతి రీలుకూ నంబరు వేసుకోండి.

మెషిన్‌లో పెట్టే ముందు అతుకులు చూడండి. 50 అడుగుల చుట్టలను పెద్ద రీలుగా కలిపిన చోట పాత టేపో జిగురో ఊడిపోయే స్థితిలో ఉంటుంది, కొక్కెం సరిగ్గా అక్కడే తట్టుకుంటుంది. ఫిల్మ్ అతికించే స్ప్లైసింగ్ టేపు ఒకటి మెషిన్‌తో పాటే తెప్పించండి, సెలోటేపు వాడకండి. నడుస్తున్నంతసేపూ గదిలో ఒకరుండాలి. టిక్కుటిక్కు తాళం తప్పిందంటే ఆపేయాలి.

ఒక్కో రీలు అయ్యాక కార్డు టీవీకి పెట్టి అమ్మకు చూపించండి. పక్కన ఫోన్లో వాయిస్ రికార్డరు ఆన్ చేసి ఉంచండి. మూకీ బొమ్మ కాబట్టి ఆవిడే మాట్లాడతారు. "అదిగో ఆ పొట్టివాడు మన పాలేరు కొడుకు", "ఆ నెక్లెసు తర్వాత పొలం కోసం అమ్మేశాం", ఇలాంటివి ఏ ల్యాబూ స్కాన్ చేయలేదు. ఎవరో తెలియని ముఖం దగ్గర ఆపి అడగండి, అందరినీ ఒకేరోజు అడగకండి. రోజుకు రెండు రీళ్లు చాలు, మరీ ఎక్కువైతే పెద్దవాళ్లకు మనసు బరువెక్కుతుంది. రికార్డు చేసిన ఫైలుకు కూడా ఆ రీలు నంబరే పెట్టండి. అన్నిటికీ రెండు హార్డ్ డిస్కుల్లో కాపీలు ఉంచండి, ఒకటి మీ దగ్గర, ఒకటి హ్యూస్టన్‌లో. రీళ్లను మాత్రం డిజిటల్ అయిపోయింది కదా అని పారేయొద్దు, మళ్లీ అటకెక్కించొద్దు. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, పొడిగా ఉండే గదిలో, గోడకు ఆనకుండా పెట్టండి.

ఇవన్నీ సంక్రాంతి నాటి మాటలు. ఈ ఆదివారం పొద్దున చేయాల్సింది ఒక్కటే, కిటికీ దగ్గర కూర్చుని 27 రీళ్ల అంచులూ చూడటం. తుప్పురంగు పట్టీ ఎక్కడైనా కనిపిస్తే దాన్ని మూకీగా అమ్మకు చూపించకుండా విడిగా దాచి, ఆ రాత్రే అబ్బాయికి ఫోన్ చేయండి. అందులో నాన్నగారి గొంతు ఉండొచ్చు.